పాపకు రెండు గళ్లు

మా సూపరింటెండెంటు గారు పోయారన్న కబురు మొన్న మధ్యాహ్నం తెలిసింది. అన్నాలు తిని, డబ్బాలు కడుక్కుని, అందరం మళ్లీ సీట్లలోకి వచ్చి కూర్చునే వేళ. ఆయన దగ్గర చాలా ఏళ్లు అటెండరుగా చేసి రిటైరైన పెద్దాయన సూర్యాపేట నుంచి ఫోన్ చేశాడు.

"అమ్మా, సారు లేడు. పొద్దున చాయ్ తాగి కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు. రేపు పదకొండు గంటలకు ఎత్తుతరట," అన్నాడు. వెంటనే ఫోన్ పెట్టేశాడు.

పక్క సీటు మేడం ఏమైందని అడిగింది. చెప్పాను. రేపు సూర్యాపేట పోవాలని, కానీ సెలవులు అయిపోయాయని కూడా చెప్పాను. డిసెంబరు నెల. మా అమ్మ కంటి ఆపరేషనుకు, ఆ తర్వాత చెకప్పులకు సీఎల్‌లూ, ఎన్నాళ్లుగానో కూడబెట్టిన ఎర్న్‌డ్ లీవూ కరిగిపోయాయి. మిగిలినవి రెండు సీఎల్‌లే, అవీ నావి కావు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

"దానికెందుకు ఇంత ఆలోచన?" అంది ఆవిడ. "లెటర్ రాసి, డేట్ వెయ్యకుండా నా సొరుగులో పెట్టి వెళ్లండి. ఎవరన్నా తనిఖీకి వస్తే డేట్ వేసేస్తాం. రాకపోతే చింపేస్తాం. ఎల్లుండి వచ్చి రెండు సంతకాలు పెట్టుకోండి. మీకు తెలియనిదా?"

ఆవిడ మంచి మనసుతోనే అంది. గవర్నమెంటు ఆఫీసులో నాలుగు రోజులు పనిచేసిన ఎవరికైనా ఆ తేదీ లేని చీటీ సంగతి తెలుసు. నాకు మరీ బాగా తెలుసు. కానీ ఆయన పోయిన రోజున, ఆయన్ని చివరిసారి చూడటానికి, నా చేత తేదీ లేని చీటీ రాయించబోతున్నారన్న ఊహకు ఏడుపు రావలసింది పోయి ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకాలే ఏడుపు ముంచుకొచ్చి, నేను లేచి రికార్డు గదిలోకి పోయాను. కొన్నేళ్ల కిందట ఆయన మీద కోపంతో ఏడ్చిన గది కూడా అదే.

మాది కోదాడలో కాలువ నీళ్ల వ్యవహారాలు చూసే ఒక చిన్న ఆఫీసు. ఆయన సూర్యాపేట నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. చేతిలో గుడ్డ సంచి, అందులో జొన్నరొట్టెల డబ్బా, ఒక న్యూసు పేపరు, జేబులో రెండు పెన్నులు. నీలం పెన్ను అడిగితే ఎవరికైనా ఇచ్చేవారు. ఎర్రపెన్ను మాత్రం కన్నకూతురు అడిగినా ఇచ్చేవారు కాదేమో. పదిన్నరకు ఆఫీసు మొదలైతే పదీ నలభైకి హాజరు రిజిస్టరు ఆయన బల్ల మీదికి వెళ్లిపోయేది. రాని వాళ్ల గడిలో ఎర్రగా ఒక చిన్న సున్నా పడేది. ఆ తర్వాత రిజిస్టరుకు ఆకుపచ్చ గుడ్డ చుట్టి బీరువాలో పెట్టేవారు. ఏటా జనవరిలో కొత్త రిజిస్టరుకు పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసేది ఆయనే. అటెండరు వేస్తానంటే, "నువ్వు వేస్తే మూలలు లేస్తయ్," అనేవారు.

మనిషి గట్టిగా అరవడం నేను చూడలేదు. తప్పు దొరికితే కళ్లజోడు కిందికి జరిపి పైనుంచి చూసేవారు. ఆ చూపుకన్నా రెండు తిట్లు తిన్నా బాగుండేదనిపించేది. సీతాఫలాల కాలంలో సంచి నిండా పండ్లు తెచ్చి, ఎవరి బల్ల మీద వాళ్లకు రెండేసి పెట్టి పోయేవారు. మెమో అందుకున్న వాళ్లకు కూడా రెండే.

నా సంగతి చెప్పకుండా ఆయన సంగతి చెప్పడం కుదరదు. మా ఆయనకూ నాకూ పొసగలేదు. తప్పు ఎవరిదన్నది ఇప్పుడు అనవసరం. పాపను ఎత్తుకుని కోదాడలో మా అమ్మ దగ్గరికి వచ్చేశాను. కాపురం చేసిన ఊరు మిర్యాలగూడ కాబట్టి ఆయన అక్కడి కోర్టులో విడాకుల కేసు వేశాడు. విడాకులు ఇచ్చేదాన్నే, గొడవ లేదు. కానీ ఆ కాగితాల్లోనే పాపను తనకు అప్పగించాలని కూడా అడిగాడు. ఉద్యోగం చేసే ఆడది పిల్లను చూసుకోలేదట. పాపకు అప్పుడు అయిదేళ్లు. రాత్రిపూట నా జడ చివర చేతికి చుట్టుకుంటే గానీ నిద్రపోయేది కాదు. ఆ పిల్లను ఇచ్చేయమంటే నా ప్రాణం తీసి ఇవ్వమన్నట్టే అనిపించింది.

మొదటి వాయిదా నాడు సూపరింటెండెంటు గారు సెలవులో ఉన్నారు. ఆఫీసులో పాతకాపులు నాకు దారి చూపించారు. తేదీ లేని చీటీ ఒకటి రాసి ఆఫీసరు గారి సొరుగులో పెట్టాను. మిర్యాలగూడ పోయి వచ్చాను. మర్నాడు పొద్దున రెండు సంతకాలు పెట్టాను. ఒక సీఎల్ మిగిలింది కదా అని సంబరపడ్డాను కూడా. ఎందుకంటే ఏడాదికి ఉండేవి పదిహేను సీఎల్‌లు, ఆడవాళ్లకు పైన ఇంకో అయిదు. వాయిదాలు ఎన్ని పడతాయో దేవుడికి కూడా తెలియదు.

ఆ రోజే ఆయన సెలవు నుంచి వచ్చారు. స్టేప్లరు పిన్నుల కోసం ఆఫీసరు గారి సొరుగు తీసి, మిర్యాలగూడ పోవాలని తేదీ లేకుండా రాసిన నా చీటీ చూశారు. చీటీ పట్టుకుని వచ్చి రిజిస్టరు తెరిచారు. అక్కడ ముందురోజు గడిలో నా సంతకం. నన్ను పిలిచారు.

"నిన్న మిర్యాలగూడల ఎండ ఎట్లున్నదమ్మా?" అన్నారు.

దొరికిపోయానని తెలిసినా, "సార్, కోర్టు పని కదా. కోర్టు రమ్మంటేనే వెళ్లాను. ఆన్‌డ్యూటీ ఇవ్వకూడదా?" అన్నాను.

"గవర్నమెంటు తరఫున సాక్ష్యానికి కోర్టు పిలిస్తే డ్యూటీ. మన సొంత కేసుకు మనం పోతే సెలవు. గంతే. రూల్ నేను రాయలే."

"అయితే జ్వరమని సీఎల్ రాస్తాను సార్."

"జ్వరమొస్తే మిర్యాలగూడ కోర్టుల ఎట్ల నిలబడ్డవ్?"

ఒక తెల్లకాగితం నా ముందు పెట్టారు. ఫలానా రోజు నా సొంత కోర్టు కేసు వాయిదాకు మిర్యాలగూడ వెళ్లాను, ఆఫీసుకు రాకపోయినా పొరపాటున సంతకం పెట్టాను, ఆ రోజును సాధారణ సెలవుగా పరిగణించవలసిందని కోరుతున్నాను అని రాయమన్నారు. రాయకపోతే మెమో తప్పదన్నారు. నేను రాశాను. రాస్తుంటే కళ్లలో నీళ్లు కాగితం మీద పడ్డాయి. ఆయన ఆ కాగితాన్ని కిటికీ దగ్గర ఫ్యాను కింద పెట్టి ఆరనిచ్చారు తప్ప ఒక్క మాట ఓదార్పుగా అనలేదు. తర్వాత రిజిస్టరులో నా సంతకం మీద అడ్డంగా ఎర్రగీత గీసి, పక్కన సీఎల్ అని రాసి, పొట్టి సంతకం చేసి తేదీ వేశారు.

రికార్డు గదిలో కూర్చుని ఆయన్ని ఎన్ని తిట్టానో లెక్కలేదు. అందరి చీటీలూ సొరుగులోనే పడుంటాయి, వాళ్లకెవరికీ లేని రూలు మొగుడు వదిలేసిన నాకే వచ్చిందా అనుకున్నాను. ఆ తర్వాత చాలా రోజులు ఆయన్ని ఎర్రపెన్ను అనే అన్నాను. మా ఇంట్లో అమ్మకు కూడా ఆయన ఎర్రపెన్నుగానే తెలుసు.

నాకే వచ్చిన రూలు కాదని మర్నాడే తెలిసింది. సొరుగులో ఉన్న తేదీ లేని చీటీలన్నీ తీసి ఎవరివి వాళ్లకు ఇచ్చేశారు. ఆఫీసంతా ఆయన మీద గుర్రుగా ఉంది. నా మీద ఇంకా గుర్రుగా ఉంది, నా చీటీ వల్లే మిగతావి బయటపడ్డాయని. ఆ వారం నాతో కలిసి అన్నం తిన్న మనిషి లేడు.

రెండో వాయిదా ముందు రోజు సెలవు చీటీ పట్టుకుని ఆయన దగ్గరికి పోయాను. కారణం దగ్గర ‘సొంత పని’ అని రాశాను. ఆయన చదివి, "ఏం పని?" అన్నారు. చుట్టూ అందరూ వింటున్నారు. నేను తల దించుకున్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా చీటీ తిరిగి ఇచ్చి, మెల్లగా అన్నారు.

"కోర్టు వాయిదా అని రాయమ్మా. దొంగతనం చేసి పోతలేవు కదా. నీ బిడ్డ కోసం పోతున్నవ్. అది రాయనీకె సిగ్గెందుకు?"

ఆ మాట తర్వాత నాకు సిగ్గు పోయిందని చెప్పను గానీ, రాయడం అలవాటైంది. ఇంకోటి కూడా గమనించాను. అందరి చీటీలూ అటెండరు తీసుకుపోయి ఫైల్లో పెట్టేవాడు. నావి మాత్రం ఆయనే తీసుకుని, ఒక కవరులో వరుసగా పెట్టి, ఆ కవరును తన బీరువాలో దాచేవారు. నా కేసు సంగతి నలుగురి చేతులూ మారకుండా చూశారని ఆలస్యంగా అర్థమైంది.

ఆ ఏడు వానలు పడే నాటికే సీఎల్‌లు సగం పైగా అయిపోయాయి. ఒకసారి జడ్జి గారు సెలవు, ఒకసారి లాయర్లు కోర్టుకు రాలేదు, ఒకసారి మా లాయరుకే ఒంట్లో బాగా లేదు. హుజూర్‌నగర్ మీదుగా బస్సులో ఊగుతూ పోవడం, మెట్ల మీద కూర్చోవడం, కొత్త తేదీ రాసుకుని రావడం. మర్నాడు ఆఫీసుకు రాగానే ఆయన నా మొహం చూసి, "ఇంకోటి ఖతమా?" అనేవారు. అంతే.

జనవరి మొదటి వారంలో నన్ను పిలిచి బల్ల ముందు కూర్చోమన్నారు. పాత ఫారం ఒకటి తిరగేసి, వెనక తెల్లవైపు స్కేలుతో గళ్లు గీశారు. ఇరవై గళ్లు. పక్కన అయిదు సున్నాలు, ఇష్టమైన పండగలకు తీసుకునే ఆప్షనల్ హాలిడేలు. అన్నీ పెన్సిల్‌తోనే.

"ఈ కాయితం పెన్సిల్‌తోనే ఉండాలె. రిజిస్టర్ పెన్నుతోనే ఉండాలె. ఇది మనం అనుకునేది, అది మనం చేసింది. రెంటినీ కలపొద్దు," అన్నారు.

తర్వాత సెలవుల జాబితా తీసి ఒక్కొక్కటే వేలితో చూపించుకుంటూ పోయారు. ఆప్షనల్ హాలిడే నాడు ఆఫీసుకు రాకపోయినా ఫరవాలేదు, కోర్టు మాత్రం నడుస్తుంది. ఆ తేదీలకు వాయిదా అడగమని మీ లాయరుకు చెప్పు అన్నారు. నాకు అప్పటిదాకా ఆ తెలివి తట్టలేదు. మా లాయరుకూ తట్టలేదు. ఆ ఏడాది నేను ముస్లింల షబ్-ఎ-మేరాజ్ పండగ తీసుకుని ఒక వాయిదాకు పోయాను. పార్శీల కొత్త సంవత్సరం తీసుకుని ఇంకోదానికి పోయాను. ఆ చీటీ ఇచ్చిన రోజున ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "సూర్యాపేట కాడికెల్లి కోదాడ దాకా ఒక్క పార్శీ ఇల్లు లేదు. అయినా పండగ నీకొచ్చింది, మంచిగ చేసుకో," అన్నారు. నేను పెళ్లి చెడిన తర్వాత ఆఫీసులో గట్టిగా నవ్వింది అప్పుడే అనుకుంటాను.

పొద్దున్నే పిలుపు అయిపోతుందని లాయరు చెప్పిన రోజుల్లో అరపూట సెలవు రాయించేవారు. మిర్యాలగూడలో ఎన్నింటికి బస్సు ఎక్కితే ఒంటిగంటన్నర, రెండింటి లోపల కోదాడలో దిగుతానో ఆయనకే బాగా తెలుసు. అలా ఎంత పొదుపుగా వాడినా ఆ ఏడాది చివరికి నా దగ్గర రెండే గళ్లు మిగిలాయి. వాటిలో ఆయన జనవరిలోనే పెన్సిల్‌తో ఏదో రాసి ఉంచారు. నేను పెద్దగా పట్టించుకోలేదు. ఒక వాయిదా మీద పడితే, ఆ రెండింటిలో ఒకటి వాడతానన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"అవి కోర్టుకు ఇయ్య. సూడు ఏం రాసి ఉన్నదో."

చూశాను. రెండు గళ్లలోనూ ‘పాప’ అని ఉంది.

"ఏడాది పొడుగూత కోర్టుకే ఇస్తే బిడ్డకేమిస్తవ్? రేపు జ్వరమొస్తది, బళ్లె ఆటలుంటయ్, అమ్మ రాలేదని ఏడుస్తది. బిడ్డ కోసం కొట్లాడుకుంట బిడ్డనే మర్చిపోతవా? కోర్టుకు ఎర్న్‌డ్ లీవ్ పెట్టు. ఈ రెండు మాత్రం ముట్టకు."

నాకు ఆ క్షణంలో ఏమనిపించిందో ఇప్పటికీ సరిగా చెప్పలేను. ఆ మనిషిని ఇన్నాళ్లూ ఎర్రపెన్ను అన్నందుకు నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. ఆ ఏడాది ఒక గడి పాపకు అమ్మవారు పోసినప్పుడు వాడాను. రెండోది బడిలో పాప చెట్టు వేషం వేసిన రోజున వాడాను. కదలకుండా నిలబడే వేషం. నన్ను చూసి ఆ చెట్టు చెయ్యి ఊపింది.

కేసు నాలుగో ఏట అవతలి లాయరు కొత్త ఎత్తు వేశాడు. ఈమె అబద్ధాలాడే మనిషి, ఆఫీసుకు పోకుండానే సంతకాలు పెడుతుంది, ఉద్యోగాన్నే మోసం చేసే మనిషికి బిడ్డనెలా ఇస్తారు, ఆఫీసు రిజిస్టరు తెప్పించండి అని కోర్టును అడిగాడు. సొరుగు చీటీల సంగతి మా ఆఫీసు నుంచే బయటికి పోయింది. ఎవరు చెప్పారో నాకు తెలుసు, ఇక్కడ రాయను. కోర్టు ఒప్పుకుంది. రిజిస్టర్లూ సెలవు చీటీలూ తీసుకుని సూపరింటెండెంటు గారు రావాలని సమన్లు వచ్చాయి.

ఆ పది రోజులూ నాకు అన్నం సహించలేదు. కోర్టు కాగితాల్లో మొదటి వాయిదా నాడు నేను మిర్యాలగూడలో ఉన్నట్టు ఉంది. రిజిస్టరులో అదే రోజు నేను కోదాడలో ఉన్నట్టు సంతకం, దాని మీద ఎర్రగీత. ఆ గీత చూపిస్తే పాపా పోతుంది, ఉద్యోగమూ పోతుంది. ధైర్యం చేసి ఆయన దగ్గరికి పోయి, "సార్, ఆ మొదటి రోజు గురించి..." అన్నాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపేశారు.

"నేను సాక్షిని. నువ్వు నాతోని కేసు ముచ్చట మాట్లాడొద్దు. సెలవు చీటీ మాత్రం రాసియ్యి."

అలా ఆ రోజు ఇద్దరం ఒకే కోర్టుకు పోయాం. ఆయనకు డ్యూటీ, నాకు సెలవు.

కోర్టు వరండాలో ఆయన నాకు దూరంగా, అవతలి చివరి బెంచీ మీద కూర్చున్నారు. ఒళ్లో ఆకుపచ్చ గుడ్డ మూట. నా వైపు చూడనేలేదు. ఆయన బోనెక్కాక అవతలి లాయరు నేరుగా ఆ పేజీకే వెళ్లాడు.

"ఈ రోజు ఈమె సంతకం కొట్టేసి ఉంది. ఎవరు కొట్టేశారు?"

"నేనే."

"అంటే ఈమె ఆఫీసుకు రాకుండానే సంతకం పెట్టింది?"

"పెట్టింది సార్."

ఒక్క మాట తిప్పి చెప్పొచ్చు కదా, గుర్తు లేదనొచ్చు కదా అని లోపల మొత్తుకున్నాను.

"అంటే తప్పుడు సంతకం?"

"తప్పుడు సంతకమే. గందుకే కొట్టేసిన. తెల్లారే ఆమె తప్పని రాసిచ్చింది. ఆ కాయితం గూడ తెచ్చిన."

జడ్జి మేడం ఆ కాగితం అడిగి తీసుకుని నిదానంగా చదివారు. ఆవిడ దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నప్పుడు, నా కన్నీళ్లు పడిన చోట సిరా చెదిరిన మరకలు నాకు అంత దూరం నుంచి కూడా కనిపించాయి.

లాయరు వదల్లేదు. "ఇది మీరు రాయమంటే రాసిన కాగితమేనా?"

"ఔ సార్. రాయకుంటే మెమో ఇస్తనని గూడ అన్న. నేను రాయమంటే శానామంది రాయరు. అలిగి సెలవు మీద పోతరు."

కోర్టులో అందరూ నవ్వారు. జడ్జి గారు నవ్వలేదు గానీ, ఆ తర్వాత వాయిదాల సంగతేమిటని ఆవిడే అడిగారు. ఆయన కవరు విప్పి చీటీల కట్ట తీశారు. దారంతో వరుసగా కుట్టి ఉంది. ప్రతిదాని మీదా తేదీ, ప్రతిదాని మీదా కారణం దగ్గర నా చేతిరాతతో ‘కోర్టు వాయిదా’. ఆవిడ ఒక్కొక్కటే తిప్పి, ఎదురుగా కోర్టు తేదీలతో పోల్చి చూశారు. ఒక్కటి కూడా తప్పిపోలేదు.

బయటికి వచ్చాక బస్టాండులో ఆయన్ని పట్టుకున్నాను. కాళ్లకు దండం పెట్టబోతే వెనక్కి జరిగారు. "ఒక్క చాయ్ అయినా తాగండి సార్," అన్నాను.

"తీర్పు వచ్చినంక తాగుదాం. ఇప్పుడు నీ చాయ్ తాగితే నా సాక్ష్యం చల్లారిపోతది." కొంచెం ఆగి, "అమ్మా, నేను గూడ వయసుల ఉన్నప్పుడు మా అన్నతోని భూమి కేసుల గిట్లనే సంతకం పెట్టిన. దొరికిపోయిన. కేసూ పాయె, ప్రమోషనూ ఆగె. అప్పుడు నాకు ఎర్రగీత గీసేటోడు ఒక్కడు దొరకలే," అన్నారు.

కోదాడ బస్సు వచ్చింది. రిజిస్టరు తిరిగి బీరువాలో పెట్టడానికి ఆయన కూడా కోదాడకే రావాలి. అయినా నన్ను ఎక్కించి తను ఎక్కలేదు. ఒకే బస్సులో దిగితే అవతలివాళ్లు చూస్తారన్నారు. నేను కిటికీలోంచి చూశాను. ఒళ్లో ఆకుపచ్చ మూట పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద ఆనించి, తర్వాతి బస్సు కోసం కూర్చున్నారు. ఆ సాయంత్రం ఆఫీసు మూసే వేళకు వచ్చి, మూట బీరువాలో పెట్టి, తాళం వేసి, మళ్లీ సూర్యాపేట బస్సెక్కారని అటెండరు చెప్పాడు.

ఆ రిజిస్టరు వల్లే గెలిచానని అనను. మా అమ్మ సాక్ష్యం చెప్పింది, పాపను జడ్జి గారు లోపలికి పిలిచి విడిగా మాట్లాడారు. కానీ తీర్పులో ఒక వాక్యం ఉంది. తన పొరపాటును తానే రాసి ఒప్పుకుని, ఆ తర్వాత ప్రతి హాజరుకూ సెలవు పెట్టిన తల్లిని నమ్మదగని మనిషిగా చూడలేమని. పాప నా దగ్గరే ఉండేట్టు, తండ్రి రెండో శనివారం వచ్చి చూసి పోయేట్టు తీర్పు వచ్చింది. ఆయన గీసిన గీత, నేను తిట్టుకుంటూ రాసిన కాగితం, నా బిడ్డను నా ఇంట్లో ఉంచాయి. ఈ మాట ఆయన బతికి ఉండగా ఎదురుగా చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. చెప్పబోయిన ప్రతిసారీ, "సీఎల్ ఎన్ని మిగిలినయ్?" అని మాట మార్చేసేవారు.

ఆ చాయ్ మాత్రం తాగాం. ఆయన రిటైరయ్యాక పాపను తీసుకుని సూర్యాపేటలో వాళ్లింటికి పోయాను. నేను పెట్టిస్తానన్న చాయ్ ఆయనే స్వయంగా పెట్టి తెచ్చారు. పాప ఆయన్ని తాత అంది. రెండు గళ్ల కథ ఆయన నోటితోనే వింది. అప్పటి నుంచి అవి తన సొంత ఆస్తి అనుకుంటుంది. ఏటా జనవరిలో ఆయన ఫోన్ వచ్చేది. "లిస్టు వచ్చిందా? గళ్లు గీసినవా? బిడ్డవి రెండు పక్కకు తీసినవా?" కేసు లేకపోయినా గీస్తూనే ఉన్నాను. ఆ కాగితం మా బీరువా తలుపు లోపల అతికించి ఉంటుంది.

మొన్న సాయంత్రం ఇంటికి పోయి ఆ తలుపు తెరిచి నిలబడ్డాను. ఈ ఏటి కాగితంలో కొట్టివేయనివి ఆ రెండు గళ్లే. పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి. ఒకటి బడి వార్షికోత్సవానికి. రెండోది ఆయన అంత్యక్రియల రోజునే, హుజూర్‌నగర్‌లో ఖో-ఖో పోటీకి. పాప మొదటిసారి జట్టులోకి ఎంపికైంది. నెల రోజులుగా, "అమ్మా, నువ్వు లైను దగ్గరే నిలబడాలి," అని ప్రాణం తీస్తోంది.

తేదీ లేని చీటీ ఒక్కటి రాస్తే చాలు. పాప గళ్లు రెండూ అలాగే ఉంటాయి, ఆటకు పోకపోయినా ఆ గడి ఈ నెలలోనే ఇంకో రోజు పాపకే ఇవ్వొచ్చు. ఒక్కరోజు కదా, ఎవరికి తెలుస్తుంది అని మనసు అంటూనే ఉంది. అబద్ధం చెప్పను, అనిపించింది. పాపకు సంగతి చెప్పాను. మంచం మీద కూర్చుంది. మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చింది. తర్వాత లేచి తన డబ్బాలోంచి రబ్బరు, పెన్సిలు తెచ్చింది.

"నా ఆటకు అమ్మమ్మ వస్తదిలే. కొత్త కన్ను కదా, బాగానే కనబడతది. నువ్వు తాత దగ్గరికి పో. ఈ గడి నాదే కదా, నేను తాతకు ఇస్తున్నా."

మర్నాడు పొద్దున సీఎల్ చీటీ తేదీ వేసి, కారణం రాసి, తొమ్మిదింటికే ఆఫీసు తలుపు తీస్తున్న అటెండరు చేతికి ఇచ్చాకే సూర్యాపేట బస్సెక్కాను. అక్కడ ఆయన ఒంటి మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. చొక్కా జేబు ఉండే చోట చూపు అప్రయత్నంగా ఆగింది. పెన్నులు లేవు. ఆయన్ని చూసినంతసేపూ నాకు మా బీరువా తలుపే గుర్తొచ్చింది. పాప చిన్న చేత్తో ఆ గడిలో రబ్బరు రుద్ది, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, గుండ్రంగా ‘తాత’ అని రాసింది. నేను గట్టిగా నొక్కి రాసే మనిషిని, అందుకే పాత అక్షరాలు పూర్తిగా పోలేదు. ‘తాత’ కింద ‘పాప’ ఇంకా కనబడుతూనే ఉంది.